రెండోసారి చేతులుంచిన ప్రభువు

 

ఈ వారం ధ్యానం కొరకు మార్కు సువార్త 8వ అధ్యాయం, 22 నుండి 26 వరకు ఉన్న వచనాలు తెరిచి ఒకసారి చదువుకోండి. బేత్సయిదాలో ఒక గుడ్డివాణ్ణి ప్రభువు దగ్గరకు తెచ్చిన సంగతి అది. మేము సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో ఒక అయ్యగారు ఈ భాగం గురించి చెబుతూ, నాలుగు సువార్తల్లోను రెండు దఫాలుగా జరిగిన స్వస్థత ఇదొక్కటే అన్నారు. మేము దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాం, పరీక్షలో రాశాం, తర్వాత ఏడెనిమిదిసార్లు దాని మీద ప్రసంగం కూడా చేశాం. కానీ దాని అర్థం మాకు తెలిసింది మా కుడి భుజం రెండోసారి చిరిగినప్పుడే. ఆ సంగతి ఇక్కడ మందిరంలో చెప్పాం గాని, దూరంగా ఉన్న మీకు పూర్తిగా తెలియదు. మీలో కొందరు ఇంకా మా పాత సాక్ష్యాన్నే నమ్ముకుని ఉన్నారు. అందుకని రాస్తున్నాం.

2022 జూలైలో వచ్చిన గోదారి మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి. మన చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కారు. ఆ రోజుల్లో ట్రాక్టరు మీద బియ్యం సంచులు వస్తే మన కుర్రాళ్లతో కలిసి మేము కూడా దింపాం. ఇరవై అయిదు కిలోల సంచి భుజాన వేసుకుని గట్టు దిగుతుంటే బురదలో కాలు జారింది. కుడిచెయ్యి నేలకు ఆనించి పడ్డాం. సంచి పక్కకు పడింది, చెయ్యి కింద ఉండిపోయింది. లేచి దులుపుకుని, "ఏం కాలేదండి" అని మళ్లీ సంచి అందుకున్నాం.

ఆ "ఏం కాలేదండి" అన్న మాటతో పద్నాలుగు నెలలు గడిపాం. పగలు పరవాలేదు. రాత్రి కుడిపక్కకు తిరిగితే మెలకువ వచ్చేసేది. చొక్కా తొడుక్కోవాలంటే అమ్మగారు సాయం పట్టాలి. పై అరలో బైబిలు అందుకోవాలంటే ఎడమచెయ్యే. బామ్ రాశాం, నూనె కాచి మర్దన చేయించాం, కట్టు వేయించాం. ఎవరైనా అడిగితే ప్రభువు ముట్టుకుంటాడులెండి అనేవాళ్లం. అది విశ్వాసమే అనుకున్నాం. ఇప్పుడు వెనక్కి చూస్తే అందులో సగం విశ్వాసం, సగం డబ్బు భయం.

చివరకు తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా బస్సెక్కి రాజమండ్రి వెళ్లాం. ఎమ్మారై తీశారు. డాక్టరు గారు ఓపికగా బొమ్మ గీసి చెప్పారు. భుజం కీలు అంటే చిన్న సాసరు మీద పెద్ద బంతి పెట్టినట్టు ఉంటుందట. ఆ బంతి జారిపోకుండా నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటి చివర నరాల్లా గట్టిగా ఉండే తాళ్లు, అంటే టెండాన్లు, చొక్కా చేతికి కఫ్ ఉన్నట్టు ఎముకను చుట్టుకుని అతుక్కుని ఉంటాయి. అందుకే దాన్ని రొటేటర్ కఫ్ అంటారు. మాకు చిరిగింది పైన ఉండే టెండాన్. ఎక్కువమందికి చిరిగేది అదేనట. "పడిన కొత్తల్లో వచ్చుంటే చిరుగు చిన్నదిగా ఉండేదేమోనండి. ఇప్పుడు వెనక్కి లాక్కుపోయింది" అన్నారు. పైగా మాకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు అతుక్కోవడం నెమ్మది.

2023 సెప్టెంబరులో ఆపరేషన్ అయింది. చిన్న రంధ్రాలు చేసి, లోపల కెమెరా పెట్టి, ఎముకలో యాంకర్లు దించి, వాటికున్న దారంతో చిరిగిన టెండాన్‌ను మళ్లీ ఎముకకు కుట్టారు. మీరందరూ కవర్లలో పెట్టి ఇచ్చిన కానుకలు, మీ ఉపవాస ప్రార్థనలు మేము మరువలేదు. ఆరు వారాలు చెయ్యి స్లింగులో ఉండాలన్నారు. మూడు నెలల తర్వాత నెమ్మదిగా బలం పెంచే వ్యాయామాలు. బరువు ఎత్తే పని ఆరు నెలల వరకు తలపెట్టవద్దన్నారు.

మూడో నెలలో క్రిస్మస్ వచ్చింది. ఆ ఆరాధనలో మేము సాక్ష్యం చెప్పాం. ప్రభువు సంపూర్ణంగా స్వస్థపరిచాడని చెప్పి కుడిచెయ్యి పైకెత్తి చూపించాం. మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. ఆ వీడియో కువైట్ దాకా వెళ్లింది. కానీ ఆ చెయ్యి ఎలా లేచిందో మాకు తెలుసు. నడుము కాస్త పక్కకు వంచి, భుజం మొత్తం ఎగదోసి లేపాం. ఇంటికొచ్చాక అమ్మగారు ఒక్క మాటే అన్నారు: "రాత్రి మూడు దిళ్లు పెట్టుకుని కూర్చుని నిద్రపోతున్నారని కూడా చెప్పాల్సిందండి."

ఆ మాట మాకు నచ్చలేదు. విశ్వాసపు మాట మాట్లాడాలి గాని అవన్నీ ఎందుకు అని కసిరాం.

సాక్ష్యం చెప్పాక ఇక వెనక్కి వెళ్లడానికి లేదు. 2024 జనవరిలో బాప్తిస్మం కోసం ఏడుగురు సిద్ధపడ్డారు. సంఘపెద్దలు, "పక్క ఊరి అయ్యగారిని పిలుద్దామండి" అన్నారు. సంపూర్ణంగా స్వస్థత పొందానని మైకులో చెప్పినవాళ్లం, చెయ్యి బాగోలేదని ఎలా అంటాం? రేవులో దిగాం. చలికి నీళ్లు కోస్తున్నాయి. నలుగురికి ఇచ్చాం. అయిదో సహోదరుడు భారీ మనిషి. నీళ్లలో ముంచి పైకి లేపుతుంటే భుజం లోపల తడిబట్ట చిరిగినట్టయింది. మిగిలిన ఇద్దరినీ ఎడమచేతితో లేపాం. గట్టు మీద పాట సాగుతోంది. ఎవరికీ తెలియలేదు, మేము తెలియనివ్వలేదు.

మార్చి దాకా దాచాం. కనిపెట్టింది ఫిజియోథెరపీ చేసే చెల్లి. "అయ్యగారూ, పోయిన నెల ఎత్తినంత కూడా ఇప్పుడు ఎత్తట్లేదేంటండీ?" అంది. మళ్లీ ఎమ్మారై తీస్తే, కుట్టిన చోట మళ్లీ ఊడింది. మొదటిదానికన్నా పెద్ద చిరుగు. డాక్టరు గారు కోప్పడలేదు. "నొప్పి తగ్గడం వేరండి, అతుక్కోవడం వేరు. దారం పట్టుకుని ఉండేది కొన్నాళ్లే. ఈలోగా టెండాన్ ఎముకలోకి పెరగాలి. నొప్పి ముందే పోతుంది, అతుకు తర్వాత పడుతుంది. ఆ మధ్యలో తొందరపడితే ఇలాగే అవుతుంది" అన్నారు. ఇందులో ఆసుపత్రి తప్పేమీ లేదు. తొందరపడింది మేము.

రెండో ఆపరేషన్ గురించి కూడా ఆయన ఉన్నమాట చెప్పారు. మళ్లీ చిరిగిన ప్రతివారికీ మళ్లీ కొయ్యాల్సిన పనిలేదట. కొందరికి కుట్టు ఊడినా నొప్పి ఉండదు, వ్యాయామంతోనే పని గడిచిపోతుంది. మొదట కొన్ని వారాలు అదే ప్రయత్నించాం. రాత్రి నొప్పి తగ్గలేదు, చెయ్యి లేవలేదు. రెండోసారి కుడితే మొదటిసారంత బాగా రాకపోవచ్చన్నారు. కండరం కొంత కొవ్వుగా మారిపోతే అది మళ్లీ మునుపటిలా కాదట. అసలు కుట్టడానికే వీలులేనంత పాడైతే, పెద్ద వయసు వారికి బంతిని, గిన్నెను తారుమారుగా అమర్చే కీలు మార్పిడి ఉంది. ఫ్రాన్సులో పాల్ గ్రామోంట్ అనే డాక్టరు 1985లో దాన్ని రూపొందించారు. మాది ఇంకా నలభైల్లోని వయసు గనుక మరోసారి కుట్టి చూద్దామన్నారు.

సహోదరులారా, ఆ రోజు రాజమండ్రి నుండి వచ్చే బస్సులో మమ్మల్ని బాధపెట్టింది కత్తి కాదు. స్తోత్రం చెప్పిన సంఘానికి ఏం చెప్పాలి? మళ్లీ కానుక అడగాలా? వేరే ఊరి సేవకుడు ఒకరు ఫోనులో, "విశ్వాసం ఎక్కడో తగ్గుంటుంది బ్రదర్" అన్నారు. ఆ మాట ముల్లులా ఉండిపోయింది. చివరికి మేము ఒక ఉపాయం ఆలోచించాం. కన్వెన్షన్ ఉందని చెప్పి వారం రోజులు వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చేద్దాం, స్లింగు కనబడితే మళ్లీ జారిపడ్డామని చెబుదాం అని అమ్మగారితో అన్నాం. అమ్మగారు గిన్నెలు సర్దుతూనే, "మీరు కన్వెన్షన్‌కి వెళ్లారని నేను మాత్రం చెప్పనండి" అన్నారు.

ఆ రాత్రి నిద్రపట్టక కుర్చీలో కూర్చుని బైబిలు తెరిస్తే ఈ బేత్సయిదా భాగం వచ్చింది. అన్నిసార్లు ప్రసంగించిన భాగంలో మేము ఎన్నడూ చూడని సంగతి ఒకటి కనబడింది. ప్రభువు మొదటిసారి చేతులుంచాక, ఏమైనా కనబడుతోందా అని ఆ మనిషిని అడిగాడు. ప్రభువుకు తెలియక అడిగాడా? ఆ మనిషి ఏమి చెప్పవచ్చో ఆలోచించండి. ఎదురుగా ఉన్నది దేవుని కుమారుడు. చుట్టూ శిష్యులు. బాగా కనబడుతోంది ప్రభువా, స్తోత్రం అనేసి ఉంటే అందరూ సంతోషించేవారు. అతను అలా అనలేదు. మనుషులు కదులుతున్నట్టు తెలుస్తోంది గాని, వాళ్లు చెట్లలాగే అగుపడుతున్నారని ఉన్నదున్నట్టు చెప్పాడు. సగం బాగైంది, సగమే అని చెప్పాడు. ప్రభువు అతన్ని గద్దించలేదు. నీ విశ్వాసం చాలలేదని పంపించెయ్యలేదు. మళ్లీ చేతులుంచాడు. అప్పుడు అతనికి అంతా తేటగా కనబడింది.

అతను మాలాంటివాడై ఉంటే? సంపూర్ణంగా కనబడుతోందని సాక్ష్యం చెప్పి, చెట్లకు నమస్కారాలు పెట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. రెండోసారి ముట్టడం అతనికి దక్కేది కాదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. ఫిజియోథెరపీలో ముందుకు వంగి, చేతిని చేదబావిలో బొక్కెనలా వదులుగా ఊపే వ్యాయామం ఒకటుంది. దాన్ని కాడ్‌మన్ వ్యాయామం అంటారని ఆ చెల్లి చెబితే, ఈ కాడ్‌మన్ ఎవరా అని చదివాం. ఎర్నెస్ట్ ఎమోరీ కాడ్‌మన్ అమెరికాలోని బోస్టన్‌లో సర్జన్. చిరిగిన ఈ టెండాన్‌ను 1909లోనే కుట్టినవాడు. భుజం గురించి 1934లో పెద్ద పుస్తకం రాశాడు. కానీ ఆయన జీవితమంతా పోరాడింది మరో విషయం మీద. ఆపరేషన్ చేశాక రోగిని పంపించేసి ఊరుకోకూడదు, ఏడాది తర్వాతైనా పిలిచి చూడాలి, బాగైతే బాగైందని, బాగుపడకపోతే ఎందుకు బాగుపడలేదో రాసి అందరికీ తెలిసేలా పెట్టాలి అన్నాడు. తన సొంత ఆసుపత్రిలో తాను చేసిన పొరపాట్లను కూడా అచ్చు వేయించాడు. తోటి డాక్టర్లకు అది నచ్చలేదు. 1914లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వదులుకున్నాడు. 1940లో చనిపోతే, 2014 దాకా ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఈ రోజు ఆసుపత్రులన్నీ ఫలితాలు లెక్క చూసుకోవాలి అంటున్నాయి. ఆ మాట ముందు అన్నవారిలో ఈయన ఒకడు. కుట్టు ఊడితే ఊడిందని రాయమని ఒక డాక్టరు అంత నష్టం భరించి చెబితే, సత్యమే మార్గమని ప్రకటించే మేము ఊడిన కుట్టును కన్వెన్షన్ అని చెప్పబోయాం.

మన యవనస్థులకు టెన్నిస్ ఆడే మరియా షరపోవా పేరు తెలుసు. ఆమెకు కుడి భుజంలో ఇదే రొటేటర్ కఫ్ చిరిగి 2008లో ఆపరేషన్ అయింది. తిరిగొచ్చి 2012లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. 2019లో మళ్లీ అదే భుజానికి చికిత్స జరిగింది. 2020లో ఆట మానేసింది. లోకంలో దొరికే శ్రేష్ఠమైన వైద్యం అందినవాళ్ల భుజం కూడా మళ్లీ మొరాయిస్తుంది. మళ్లీ చిరగడం పాపానికి గుర్తు కాదు, శరీరం మట్టిది అనడానికి గుర్తు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో ప్రసంగం పక్కన పెట్టి ఉన్నమాట చెప్పాం. క్రిస్మస్‌నాడు చెప్పిన సాక్ష్యం పూర్తి నిజం కాదు, నడుము వంచి చెయ్యి ఎత్తాం, రేవులో చిరిగింది, రెండు నెలలు దాచాం, మళ్లీ ఆపరేషన్ ఉంది, మాకు భయంగా ఉంది అన్నాం. మందిరంలో చప్పుడు లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరి మొహాల్లో నొచ్చుకున్నట్టు కూడా కనబడింది. అది న్యాయమే.

కూటం అయ్యాక అందరూ వెళ్లిపోతుంటే ఒక అమ్మ మాత్రం స్తంభం దగ్గర నిలబడిపోయింది. ఆమె కొడుకు సంగతి మీలో చాలామందికి తెలుసు. వాళ్లు రాయమన్నారు గనుకే రాస్తున్నాం. ఆ తమ్ముడు రెండేళ్ల క్రితం తాగుడు మానేసి ఇదే మందిరంలో సాక్ష్యం చెప్పాడు. మేమే అతని చెయ్యి పట్టుకుని పైకెత్తాం. ఆ తర్వాత కొన్నాళ్లకు మందిరానికి రావడం మానేశాడు. అడిగితే పని ఒత్తిడి అనేవారు, మేమూ నమ్మాం. ఆ రోజు ఆమె ఇలా అంది: "అయ్యగారూ, వాడు మళ్లీ మొదలెట్టాడండి. అప్పుడే ఏడాదయింది. అంతమంది ముందు సాక్ష్యం చెప్పాక ఏ మొహం పెట్టుకుని రమ్మంటావే అంటున్నాడండి. మీకూ కుట్టు ఊడిందని ఇవాళ వాడికి చెప్పనాండి?"

ఆ మాటకు మేము అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాం. మన సంఘంలో మొదటి స్వస్థతకు మైకు ఉంది, చప్పట్లు ఉన్నాయి. రెండోసారి చిరిగినవాడు నిలబడడానికి మాత్రం చోటు లేదు. ఆ చోటు లేకుండా చేసింది పాస్టరుగా మేమే. మా చెయ్యి ఎలా ఎత్తి చూపించామో, ఆ తమ్ముడి చెయ్యీ అలాగే ఎత్తి చూపించాం. అతుకు పడిందో లేదో చూడలేదు.

2024 మే నెలలో రెండో ఆపరేషన్ అయింది. ఈసారి ఖర్చుకు ఎవరిని అడగాలా అని తలవంచుకుని కూర్చుంటే సంఘపెద్దలే వచ్చారు. ఆరు వారాలు అన్నచోట ఆరు వారాలూ స్లింగు తియ్యలేదు. ఆ తమ్ముడు ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు. మాట్లాడింది తక్కువే. వెళ్లేటప్పుడు మా చెప్పుల బెల్టు పెట్టి వెళ్లాడు, ఒక్క చేత్తో మాకు రావడం లేదని చూసి. ఇప్పుడు ఆదివారాల్లో వెనక వరుసలో కూర్చుంటున్నాడు. వారానికోసారి డాక్టరు దగ్గరకు కూడా వెళ్తున్నాడు. పూర్తిగా మానేశాడని మేము రాయం. అతను కూడా రాయవద్దన్నాడు. ఎన్నాళ్లయిందో అడిగితే రోజుల లెక్క చెబుతాడు, అంతే.

మా భుజం సంగతి కూడా అలాగే ఉన్నదున్నట్టు రాస్తాం. రాత్రి నిద్ర పడుతోంది, దానికి ప్రభువుకు స్తోత్రం. చెయ్యి భుజమెత్తు దాటి ఇంకాస్త లేస్తుంది. గోడ గడియారం దించాలంటే ఇంకా ఎడమచెయ్యే. డాక్టరు గారు ఇంతవరకే రావచ్చు అన్నారు. మొన్న బాప్తిస్మానికి రేవులో దిగినప్పుడు ఇద్దరు సంఘపెద్దలు చెరో పక్క నిలబడి మనుషుల్ని ముంచి లేపారు. మేము ఎడమచెయ్యి తల మీద ఉంచి త్రియేక దేవుని నామం పలికాం. నిర్గమకాండం 17లో మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు పట్టుకున్నారు గదా. మోషే చేతులు బరువెక్కాయని ఆ ఇద్దరికీ కనబడబట్టే పట్టుకోగలిగారు. ఆయన దాచుకుని ఉంటే యుద్ధం ఏమయ్యేదో.

మనం తినే అన్నం గురించి కూడా ఒకసారి తలచుకోండి. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. వరదలకు దెబ్బతిన్నప్పుడల్లా దాన్ని బాగుచేశారు, తర్వాత ఎత్తు పెంచారు, చివరకు 1982 నాటికి దాని స్థానంలో కొత్త బ్యారేజీయే కట్టారు. ఒక్కసారి కట్టి ఊరుకున్నదైతే డెల్టా ఎప్పుడో ఎండిపోయేది. మరమ్మతు చేసిన ఆనకట్ట అని ఆ నీళ్లు ఎవరూ వద్దనలేదు.

భుజం నొప్పితో ఉన్న మనవాళ్లకు, ముఖ్యంగా వల విసిరే అన్నలకు, బస్తాలు మోసే తమ్ముళ్లకు, నాట్లు వేసే అక్కలకు రెండు మాటలు. పడ్డాక చెయ్యి లేవకపోయినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చేస్తున్నా మాలాగా నెలలు గడపకండి. ఎముకల డాక్టరుకు చూపించుకోండి. అన్ని చిరుగులకూ ఆపరేషన్ అక్కరలేదు, చాలామందికి వ్యాయామంతోనే నయమవుతుంది. ఆపరేషన్ అవసరమంటే ప్రభుత్వ ఆరోగ్య పథకం దానికి వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి. షుగర్ అదుపులో పెట్టుకోండి. చుట్ట మానండి, పొగ అతుకు పడనివ్వదు. నొప్పి తగ్గగానే బాగైపోయిందనుకోకండి. ప్రార్థన మానవద్దు, స్లింగూ తియ్యవద్దు.

భుజం బాగానే ఉన్నా లోపల ఇంకేదో మళ్లీ చిరిగినవారు మీలో ఉండవచ్చు. సమాధానపడ్డామని చెప్పుకున్న అన్నదమ్ముల మధ్య మాట మళ్లీ తెగి ఉండవచ్చు. మానేశామన్న అలవాటు మళ్లీ పట్టుకుని ఉండవచ్చు. నడుము వంచి చెయ్యి ఎత్తకండి. ఎంతవరకు లేస్తుందో అంతవరకే ఎత్తి, ఇంతే లేస్తోంది ప్రభువా అని చెప్పండి. మన మందిరంలో ఇకనుండి ఆ మాటకు చోటుంది.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, నీవు అడిగినప్పుడు ఉన్నమాట చెప్పే ధైర్యం మాకు దయచేయుము. సగం చూపుతో ఉన్న మమ్మల్ని విడిచిపెట్టక మళ్లీ నీ చేతులుంచుము. రెండోసారి పడినవారిని చూసి మేము మొహం తిప్పుకోకుండా మా భుజం అందించే కృప నిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.